మెట్ట బడికి తగిన కంప్యూటర్ ఏది?

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో కంప్యూటర్‌కు శత్రువులు ముగ్గురు: ఎండ, దుమ్ము, నిలకడలేని కరెంటు. అనుమసముద్రంపేట (ఏఎస్ పేట), ఆత్మకూరు, మర్రిపాడు, ఉదయగిరి వైపు మే నెలలో 43, 44 డిగ్రీలు కొత్తేమీ కాదు. మామూలు డెస్క్‌టాప్ వేడి తగ్గించుకోడానికి ఫ్యాను తిప్పుకుంటుంది. ఆ ఫ్యానే గదిలోని దుమ్మును లోపలికి లాగి హీట్‌సింక్ రేకుల మధ్య కూరుతుంది. దుమ్ము పేరుకున్నకొద్దీ వేడి పెరుగుతుంది, వేడి పెరిగినకొద్దీ ఫ్యాను ఇంకా వేగంగా తిరుగుతుంది, ఇంకా దుమ్ము లాగుతుంది. చివరికి ఎస్‌ఎంపీఎస్ అయినా కాలిపోతుంది, మదర్‌బోర్డు మీద కెపాసిటర్లయినా ఉబ్బిపోతాయి. బాగుచేయించాలంటే ఆత్మకూరుకో నెల్లూరుకో మోసుకెళ్లాలి. ఆ ఖర్చు ఏ పద్దులో రాయాలో ప్రధానోపాధ్యాయుడికి తెలియదు. కాబట్టి పెట్టె మూలన పడుతుంది.

ఈ మూడింటినీ తట్టుకునే పెట్టె ఒకటి బజారులో చాలాకాలంగా ఉంది. బ్యాంకు కౌంటర్ల వెనక, కాల్ సెంటర్ బల్లల మీద మానిటర్ పక్కన నిలబెట్టిన చిన్న నల్ల డబ్బాను చాలామంది చూసే ఉంటారు. దాన్ని థిన్ క్లయింట్ అంటారు. చాలా మోడళ్లలో ఫ్యాను ఉండదు. తిరిగే హార్డ్ డిస్కు ఉండదు. మామూలు పనిలో పది వాట్ల చుట్టుపక్కలే కరెంటు తాగుతుంది. ఊరికో ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టి ఇంటింటికీ కుళాయి ఇచ్చినట్టు, ఒక బలమైన సర్వర్‌ను గదిలో ఒక మూల పెట్టి, ప్రతి బల్ల మీదా ఈ చిన్న డబ్బా, మానిటరు, కీబోర్డు, మౌసు పెడతారు. ప్రోగ్రాములు, పిల్లల ఫైళ్లు అన్నీ సర్వర్‌లోనే. డబ్బా పాడైతే మరో డబ్బా తగిలించి కూర్చోవచ్చు, ఫైలు ఎక్కడికీ పోదు. సర్వర్ ఆగిపోతే మాత్రం గదంతా ఆగిపోతుంది. కొనేవాళ్లు మొదటి రోజునే దీన్ని మనసులో పెట్టుకోవాలి.

పడమటి మెట్ట బడులకు, చాలా ఇళ్లకు కూడా, డెస్క్‌టాప్ కన్నా, ట్యాబ్ కన్నా ఇదే తగిన యంత్రం. అయితే ఏ కంపెనీ డబ్బా కొన్నామన్నదానికన్నా ఏ షరతుల మీద కొన్నామన్నదే దాని ఆయుష్షును తేలుస్తుంది. ఈ సంగతి ఆంధ్రప్రదేశ్‌కు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. 2008లోనే రాష్ట్రం డబ్బు పెట్టి నేర్చుకున్న పాఠం ఇది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది 5 వేల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్య పథకం మొదలైంది. పద్ధతి బూట్. అంటే ప్రైవేటు ఏజెన్సీ తన ఖర్చుతో ల్యాబ్ కట్టి, తనదిగా ఉంచుకుని, అయిదేళ్లు నడిపి, ఆ తర్వాత బడికి అప్పగించాలి. ప్రభుత్వం వాయిదాల్లో డబ్బు చెల్లిస్తుంది. ఈ ల్యాబుల్లోకి వచ్చిన యంత్రాలు ఎన్‌కంప్యూటింగ్ అనే అమెరికా కంపెనీవి. ఈమెషీన్స్ పేరుతో చవక పీసీలు అమ్మి పేరు తెచ్చుకున్న స్టీఫెన్ డక్కర్ దాని అధిపతి. ఆంధ్రప్రదేశ్‌లో 5 వేల బడుల్లో 50 వేల సీట్లు, 18 లక్షల మంది పిల్లలు అని ఆ కంపెనీ ప్రపంచమంతా చాటుకుంది. దానికి ముందు ఏడాదే, 2007లో, మాసిడోనియా దేశం తన బడులన్నిటికీ ఇదే కంపెనీ సాయంతో 1,80,000 సీట్లు అమర్చే పని మొదలుపెట్టింది. అక్కడ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకున్నారు.

బడుల కోసం ఎన్‌కంప్యూటింగ్ ముందుకు తెచ్చిన ఎక్స్ శ్రేణి పనిచేసే తీరు తెలిస్తే దాని బలం, బలహీనత రెండూ తెలుస్తాయి. ఒక మామూలు పీసీలో పీసీఐ కార్డు ఒకటి బిగిస్తారు. ఎక్స్ 300 కార్డుకు మూడు చిన్న డబ్బాలు కలుస్తాయి. రెండు కార్డులు పెడితే ఆ పీసీతో కలిపి ఏడుగురు కూర్చోవచ్చు. తర్వాత వచ్చిన ఎక్స్ 550లో కార్డుకు అయిదు, రెండు కార్డులకు పది. బల్ల మీది డబ్బా తాగే కరెంటు ఒక్క వాటు. పది మంది పిల్లలకు పది పీసీలు కొనలేని రాష్ట్రానికి ఇది వరంలాగే కనిపించింది. నిజానికి ఆ లెక్కలో తప్పేమీ లేదు. బ్రౌజరు తెరిచి ఒక పాఠం చదువుకునే పిల్లవాడు ప్రాసెసర్ శక్తిలో వాడేది కొద్దిపాటే.

చిక్కు ఆ కార్డులో ఉంది. ఆ డబ్బా ఆ కంపెనీ కార్డుతోనే, ఆ కంపెనీ వీస్పేస్ సాఫ్ట్‌వేర్‌తోనే పనిచేస్తుంది. మరో సర్వర్‌కు తగిలిస్తే అది ఏ పనికీ రాదు. 2010 తర్వాత వచ్చిన మదర్‌బోర్డుల్లో పాత పీసీఐ స్లాటు క్రమంగా కనుమరుగైంది, పీసీఐ ఎక్స్‌ప్రెస్ మిగిలింది. అంటే పీసీ పాడైతే కొత్త పీసీ తెచ్చి పాత కార్డు బిగించే దారి మూసుకుపోయింది. 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. ఆ తరం సాఫ్ట్‌వేరంతా దానితోపాటే పాతబడింది. ఒక్క పీసీ పోతే అయిదుగురో పదిమందో పిల్లల సీట్లు ఒకేసారి పోతాయి. డబ్బాలు మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంటాయి!

అంతకన్నా పెద్ద దెబ్బ ఒప్పందం రూపంలో వచ్చింది. అయిదేళ్ల గడువు 2013లో తీరింది. ఏజెన్సీ వెళ్లిపోయింది, దానితోపాటు కంప్యూటర్ శిక్షకులూ వెళ్లిపోయారు. తక్కువ జీతానికి ఏళ్లతరబడి పాఠాలు చెప్పినవాళ్లు తమను కొనసాగించాలని రోడ్డెక్కారు. బడికి మిగిలింది యంత్రాలు మాత్రమే. వాటిని నడపడం తెలిసిన మనిషి లేడు, మరమ్మతుకు పద్దు లేదు. అప్పగించడమంటే తాళంచెవి ఇవ్వడం ఒక్కటే కాదు. అడ్మిన్ పాస్‌వర్డు, ఇన్‌స్టలేషన్ డిస్కులు, వైరింగ్ పటం, విడిభాగాలు దొరికే చోటు కూడా ఇవ్వాలి. ఈ వివరాలు లేని ల్యాబును బడి ఎన్నాళ్లు నడపగలదు?

అందుకే థిన్ క్లయింట్లు విఫలమయ్యాయని తేల్చేయడం న్యాయం కాదు. దారి సరైనదే, బేరమే చెడింది.

తర్వాతి పదేళ్లలో చూపు ట్యాబ్‌ల వైపు మళ్లింది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5,18,740 ట్యాబ్‌లు పంచింది. ఖర్చు 686 కోట్ల రూపాయలని ప్రకటించింది. పాఠం వీడియో ఇంటిదగ్గర చూసుకోడానికి ట్యాబ్ మంచిదే. కానీ దానిలో బ్యాటరీ అతికించి ఉంటుంది, మూడు నాలుగేళ్లకు అది చచ్చిపోతుంది. తెర పగిలితే ఆ పిల్లవాడి కంప్యూటర్ విద్య అక్కడితో సరి. అన్నిటికన్నా ముఖ్యంగా, ట్యాబ్‌కు కీబోర్డు లేదు, మౌసు లేదు.

కీబోర్డు గురించి ఎందుకింత పట్టుదల అనిపించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ 2018లో ఆన్‌లైన్‌కు మారింది. జేఈఈ మెయిన్ 2019 నుంచి కంప్యూటర్ మీదే. 2025లో 16,347 టీచరు పోస్టుల మెగా డీఎస్సీ కూడా కంప్యూటర్ మీదే రాయించారు. నెల్లూరు పట్నం పిల్లలు కోచింగ్ సెంటర్లో యాభై మాక్ టెస్టులు రాసి పరీక్ష గదిలోకి అడుగుపెడతారు. ఏఎస్ పేట బడిలో పదో తరగతి ముగించిన అమ్మాయి మౌసు పట్టుకోవడం పరీక్ష కేంద్రంలోనే మొదటిసారి అయితే, ఆమె లెక్కల్లో ఎంత చురుకైనా మొదటి పావుగంట మౌసుతో కుస్తీకే పోతుంది. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు కొలువైనా, మీసేవ కేంద్రమైనా, ఆడిటరు దగ్గర పనైనా అడిగేది టైపింగే. ఫోన్‌లో రెండు బొటనవేళ్లతో ఎంత వేగంగా కొట్టినా ఆ పని రాదు.

మరి ఇప్పుడు కొనాలంటే ఏం కొనాలి?

2008కీ ఇప్పటికీ మధ్య బజారు పూర్తిగా మారింది. ఈనాటి థిన్ క్లయింట్లలో చాలావరకు నిజానికి చిన్న పీసీలే. హెచ్‌పీ టీ620 డబ్బాలో డ్యూయల్ కోర్ లేదా క్వాడ్ కోర్ ఏఎండీ ప్రాసెసర్ ఉంటుంది. 2016 నాటి టీ630లో నాలుగు కోర్ల ఏఎండీ జీఎక్స్ 420జీఐ, డీడీఆర్4 మెమరీ, ఎస్‌ఎస్‌డీకి ఎం.2 స్లాట్లు ఉన్నాయి. 2018లో వచ్చిన డెల్ వైస్ 5070లో ఇంటెల్ సెలెరాన్ జే4105 లేదా పెంటియం సిల్వర్ జే5005 ఉంటుంది. వీటన్నిట్లోనూ మెమరీ విప్పి మార్చుకోవచ్చు, మామూలు లినక్స్ ఎక్కించుకోవచ్చు, ఏ కంపెనీ సర్వర్‌తోనూ ముడి లేదు. కార్యాలయాలు నాలుగైదేళ్లకోసారి వీటిని లాట్లుగా వదిలించుకుంటాయి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ముగిశాక, విండోస్ 11కు పనికిరాని పెట్టెలు మరిన్ని బయటికొస్తున్నాయి. మైక్రోసాఫ్ట్ వద్దన్న పెట్టె లినక్స్‌తో ఇంకో అయిదారేళ్లు హాయిగా నడుస్తుంది.

నెల్లూరు వాళ్లకు దగ్గర బజారు చెన్నై రిచీ స్ట్రీట్. హైదరాబాద్ వెళ్లేవాళ్లకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. ఆన్‌లైన్‌లో రీఫర్బిష్డ్ అమ్మకందార్లూ ఉన్నారు. ఎక్కడ కొన్నా కొన్ని సంగతులు కళ్లారా చూసుకోవాలి, నోటి మాట నమ్మకూడదు.

మొట్టమొదట అది జీరో క్లయింటా, థిన్ క్లయింటా అన్నది తేల్చుకోవాలి. హెచ్‌పీ టీ310, డెల్ వైస్ 5030 లాంటివి జీరో క్లయింట్లు. వాటిలో టెరాడిసి చిప్ ఒకటే ఉంటుంది. ఖరీదైన కార్పొరేట్ సర్వర్ లేకుండా అవి దేనికీ పనికిరావు, లినక్స్ ఎక్కదు. చవగ్గా దొరికేవి ఎక్కువగా ఇవే. తెలియనివాడు తక్కువ ధర చూసి పది కొనుక్కెళితే పదీ దండగే. రెండోది అడాప్టరు. డెల్ వైస్ 3040 అయితే అయిదు వోల్టులది ఒకటి, పన్నెండు వోల్టులది ఒకటి, రెండు రకాలు వచ్చాయి. డబ్బా అడుగున రాసింది చదవకుండా తగిలిస్తే బోర్డు పోతుంది. పైగా 3040లో రెండు జీబీ మెమరీ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడం కుదరదు. ఈనాటి బ్రౌజర్లకు అది చాలదు. మూడోది బయోస్ పాస్‌వర్డు. కార్యాలయాలు తాళం వేసి వదిలేసిన పెట్టెలు చాలా వస్తాయి. అంగట్లోనే ఆన్ చేయించి, బయోస్‌లోకి వెళ్లి, యూఎస్‌బీ నుంచి, నెట్‌వర్క్ నుంచి బూట్ అవుతుందో లేదో చూడాలి.

తెర సంగతి చాలామంది మరిచిపోతారు. ఈ పెట్టెల్లో అనేకం డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఇస్తాయి. బడిలో ఉన్న పాత మానిటరుకు వీజీఏ తప్ప మరోటి ఉండదు. అప్పుడు ఒక్కో సీటుకూ యాక్టివ్ కన్వర్టరు కొనాలి. ఇరవై సీట్లకు ఆ చిన్న ముక్కల ఖర్చే పెద్దదవుతుంది. అలాగే 2025 చివర్నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, మెమరీ, ఎస్‌ఎస్‌డీ, అడాప్టరు అన్నీ ఉన్న పెట్టెనే కొనాలి. డబ్బా ఒక్కటే చవగ్గా తెచ్చి మెమరీ తర్వాత వేద్దామనుకుంటే లెక్క తలకిందులవుతుంది.

ఇక బడి ల్యాబులో అన్నిటినీ కలిపే సాఫ్ట్‌వేరు. ఎల్‌టీఎస్‌పీ అనే లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు 1999లో జిమ్ మెక్‌క్విలన్ మొదలుపెట్టాడు. 2019లో గ్రీసు దేశపు ఆల్కిస్ జార్జోపౌలోస్ దాన్ని సమూలంగా తిరగరాశాడు. అక్కడి ప్రభుత్వ బడుల్లో అది రోజూ నడుస్తోంది. పూర్తిగా ఉచితం, సీటుకింత అని లైసెన్సు రుసుము లేదు. విండోస్ దారిలో వెళితే కథ వేరు. మైక్రోసాఫ్ట్ షరతుల ప్రకారం ఒకే యంత్రం మీద పదిమంది విడివిడిగా పనిచేయాలంటే మామూలు విండోస్ చాలదు. సర్వర్ వెర్షను కొనాలి, దాని మీద ప్రతి సీటుకూ యాక్సెస్ లైసెన్సులు కొనాలి. థిన్ క్లయింట్ మిగిల్చిన డబ్బంతా అక్కడే ఖర్చయిపోతుంది. కేరళ తన బడుల్లో కంప్యూటర్ విద్యను ఉచిత సాఫ్ట్‌వేరు మీద ఇన్నేళ్లుగా నడుపుతోంది. తెలుగునాట కూడా స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్‌ను, పిల్లల కోసం బాల స్వేచ్ఛను రూపొందించింది. పునాది ఉంది, కొనేవాళ్లు దాన్ని అడగడం లేదు.

ఎల్‌టీఎస్‌పీలో రెండు పద్ధతులున్నాయి. ఏది ఎంచుకోవాలన్నది సర్వర్ ఖరీదును నిర్ణయిస్తుంది. మొదటిదానిలో పనంతా సర్వరే చేసి, తెర బొమ్మను మాత్రం బల్లకు పంపుతుంది. వీడియో రాగానే ఇది చతికిలబడుతుంది. 1920, 1080 చుక్కల తెరను సెకనుకు ముప్పై సార్లు కుదించకుండా పంపితే ఒక్క సీటుకే దాదాపు ఒకటిన్నర గిగాబిట్లు కావాలి. గిగాబిట్ కేబుల్ మొత్తం ఒక్క పిల్లవాడికే చాలదు! రెండో పద్ధతిలో డబ్బా సర్వర్ నుంచి నెట్‌వర్క్ ద్వారా బూట్ అయి, ఆ తర్వాత తన ప్రాసెసర్‌తో తానే పనిచేస్తుంది. ఫైళ్లు మాత్రం సర్వర్‌లో. టీ630, వైస్ 5070 లాంటి పెట్టెలకు ఇదే సరైన దారి. నాలుగు జీబీ మెమరీ కనీసం ఉండాలి, ఎనిమిది ఉంటే నిశ్చింత. సర్వర్‌కు పదహారు జీబీ మెమరీ, ఎస్‌ఎస్‌డీ ఉన్న మామూలు ఐ5 పీసీ సరిపోతుంది. మొదటి పద్ధతిలో అయితే ఇరవై మందికి ముప్పైరెండు జీబీ, చాలా కోర్లు ఉన్న ఖరీదైన యంత్రం కావాలి.

దీనిలో ఇంకో మేలుంది. డబ్బాలో డిస్కు అవసరమే లేదు కాబట్టి పిల్లవాడు ఏ సెట్టింగు చెడగొట్టినా, ఆపి మళ్లీ ఆన్ చేస్తే మునుపటిలా లేచి కూర్చుంటుంది. ఏ బల్ల దగ్గర కూర్చున్నా తన పేరు, పాస్‌వర్డు కొడితే తన ఫైళ్లే కనిపిస్తాయి. ఎపాప్టీస్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేరుతో టీచరు తన బల్ల నుంచే ఇరవై తెరలూ చూడొచ్చు, అవసరమైతే అన్నిటినీ ఒకేసారి ఆపొచ్చు. నలభై మందితో తరగతి నడిపే టీచరుకు దీని విలువ వేరే చెప్పాలా?

వైరు దగ్గర పీనాసితనం పనికిరాదు. కేబుల్ చుట్ట కొనేటప్పుడు అది అసలు రాగిదా, అల్యూమినియం తీగకు రాగి పూత పూసిన సీసీఏ రకమా అడగాలి. సీసీఏ చవక, కానీ వంచితే విరుగుతుంది, దూరం పెరిగితే వేగం పడిపోతుంది. స్విచ్ తప్పక గిగాబిట్‌ది కావాలి. 10/100 స్విచ్ మీద ఇరవై పెట్టెలు ఒకేసారి బూట్ అయితే పీరియడ్ సగం దానికే పోతుంది.

ఇప్పుడు కరెంటు లెక్క. పాత డెస్క్‌టాప్ సుమారు 70 వాట్లు, మానిటరు 18 వాట్లు తాగుతుందనుకుంటే ఇరవై సీట్లకు 1,760 వాట్లు. థిన్ క్లయింట్ పది వాట్లు, మానిటరు అంతే అనుకుంటే 560. సర్వర్‌కు, స్విచ్‌కు మరో వంద కలిపితే 660. పన్నెండు వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలు రెండింటిలో కాగితం మీద 3,600 వాట్ అవర్లు ఉంటాయి. నష్టాలు పోను, బ్యాటరీ చెడకుండా సగమే వాడదలచినా, థిన్ క్లయింట్ల ల్యాబ్ రెండు గంటలకు పైగా నడుస్తుంది. అంటే కరెంటు పోయినా మూడు పీరియడ్లు గండం గడుస్తుంది. డెస్క్‌టాప్‌ల ల్యాబ్ అదే బ్యాటరీల మీద గంట నిలబడటమే గగనం. ఏసీ లేని గదిలో వేడి తేడా కూడా ఇంతే. తాగిన ప్రతి వాటూ చివరికి గదిలో వేడిగానే తేలుతుంది. 1,100 వాట్లు తగ్గాయంటే, ఒక పెద్ద ఐరన్ బాక్సును రోజంతా వేడెక్కించి పెట్టడం మానేసినంత మేలు.

అసలు డబ్బాలూ సర్వరూ ఎందుకు, అంతా ఇంటర్నెట్ మీదే ఉంటే పోదా అని అడిగేవాళ్లున్నారు. ఈ ఆలోచన కూడా దక్షిణాదిలో పాతదే. చెన్నైకి చెందిన నొవాటియం కంపెనీ నోవా నెట్‌పీసీ పేరుతో, ఇంట్లో చిన్న డబ్బా, దూరాన సర్వర్, నెలనెలా చందా అనే పద్ధతిని 2000ల నడుమ ప్రయత్నించింది. రాజేశ్ జైన్, ఐఐటీ మద్రాసు ఆచార్యుడు అశోక్ ఝన్‌ఝన్‌వాలా దాని వెనకున్నారు. అప్పటి బ్రాడ్‌బ్యాండ్ దానికి సహకరించలేదు. 2025 జూలైలో జియో అదే దారిలో జియోపీసీ తెచ్చింది. టీవీకి తగిలించిన సెట్‌టాప్ బాక్సుకు కీబోర్డు, మౌసు కలిపితే దూరాన ఉన్న కంప్యూటర్ తెర మీద ప్రత్యక్షమవుతుంది. ప్రారంభంలో నెలకు 599 రూపాయలు, జీఎస్టీ అదనం.

మంచి ఫైబర్ కనెక్షన్ ఉన్న పట్టణ ఇంటికి, ఏడాదో రెండేళ్లో అవసరమున్న డిగ్రీ విద్యార్థికి ఇది ఆలోచించదగినదే. మెట్ట ఊరి బడికి మాత్రం కాదు. ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్లలోకి వచ్చింది. గాలివాన వస్తే స్తంభంతోపాటు అదీ తెగుతుంది. ఇంటర్నెట్ లేకపోతే తెర నల్లబడే ల్యాబును టైంటేబుల్‌లో పెట్టడం కష్టం. సర్వర్ బడిలోనే ఉంటే, కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో తెలుగు వికీపీడియా మొత్తాన్ని, కొలిబ్రీ అనే మరోదానితో పాఠాలను దానిలోనే దాచుకోవచ్చు. బయటి లైను వారం రోజులు తెగినా పిల్లల పని ఆగదు. నెలవారీ చందాలో ఇంకో లోపముంది: కట్టడం మానేసిన రోజున చేతిలో ఏమీ మిగలదు. డబ్బా అయితే అన్న చదువు అయ్యాక చెల్లెలికి మిగులుతుంది.

ఇంటికి కొనేవాళ్లకు సర్వర్ గొడవ అక్కర్లేదు. ఎనిమిది జీబీ మెమరీ, 128 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న వైస్ 5070 లేదా టీ630, దానికో సెకండ్ హ్యాండ్ 19 అంగుళాల మానిటరు, కీబోర్డు, మౌసు చాలు. లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ ఎక్కిస్తే ఇంటర్, డిగ్రీ పిల్లల అవసరాలు తొంభైపాళ్లు తీరుతాయి. పెట్టె, మానిటరు, వైఫై రౌటరు మూడూ కలిపి నలభై వాట్ల లోపే కాబట్టి ఇంట్లో ఉన్న ఇన్వర్టరు మీదే సాయంత్రమంతా చదువుకోవచ్చు. కొత్తదే కావాలనుకుంటే రాస్‌బెర్రీ పై ఉంది. కీబోర్డులోనే కంప్యూటర్ ఇమిడిపోయిన పై 400 2020లో, పై 500 2024లో వచ్చాయి. అయితే ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే ఆసక్తి ఉన్న పిల్లలకే పై తగినది. మామూలు చదువుకు అదే డబ్బుతో దొరికే పాత థిన్ క్లయింట్ ఎక్కువ పని చేస్తుంది. ఆటోక్యాడ్, ఫొటోషాప్, ట్యాలీ నేర్చుకోవాల్సినవాళ్లు మాత్రం విండోస్ పీసీయే కొనుక్కోవాలి. వాళ్లకు ఈ డబ్బాలు అంటగట్టడం అన్యాయం.

ఏఎస్ పేట లాంటి చోట ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. హజ్రత్ ఖాజా నాయబ్ రసూల్ దర్గా ఉన్న ఊరది, తెలుగుతోపాటు ఉర్దూ వాడే ఇళ్లున్న ఊరు. లినక్స్‌లో తెలుగు, ఉర్దూ కీబోర్డులు రెండూ పైసా ఖర్చు లేకుండా వస్తాయి. ఒకే బల్ల దగ్గర ఒక పిల్లవాడు తెలుగు ఇన్‌స్క్రిప్టులో, తర్వాతి పీరియడ్‌లో మరొక పిల్లవాడు ఉర్దూలో కొట్టుకోవచ్చు. కంప్యూటర్ అంటే ఇంగ్లిషు మాత్రమే అన్న భయం పోవడానికి ఇంతకన్నా తేలిక మార్గం లేదు.

డబ్బు ఎక్కడిదన్నది చివరి ప్రశ్న. సమగ్ర శిక్ష నిబంధనల్లో ఐసీటీ ల్యాబుకు బడికి 6.40 లక్షల రూపాయల వరకు ఒకేసారి, అయిదేళ్లపాటు ఏటా 2.40 లక్షల వరకు నిర్వహణకు ఇచ్చే వీలుంది. ఈ రెండో అంకె మొదటిదానికన్నా ముఖ్యమైనది. అయిదేళ్లకు అది 12 లక్షలు, అంటే యంత్రాల ఖరీదుకు దాదాపు రెట్టింపు. శిక్షకుడి జీతం, కరెంటు బిల్లు, బ్యాటరీ మార్పిడి, విడి డబ్బాలు దానిలోనుంచే రావాలి. టెండరు రాసేవాళ్లు ల్యాబుకు కనీసం రెండు విడి థిన్ క్లయింట్లు, ఒక విడి సర్వర్ డిస్కు అడగాలి. ప్రభుత్వ బడి నేరుగా పాత సరుకు కొనడం కష్టం. కొత్త థిన్ క్లయింట్లను ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్‌లో కొనవచ్చు. పూర్వ విద్యార్థులు విరాళం ఇవ్వదలిస్తే మాత్రం చెన్నై నుంచి మంచి పాత పెట్టెలు తెచ్చి ఇస్తే అదే డబ్బుకు ఎక్కువ సీట్లు వస్తాయి.

టెండరులోకి ఎక్కాల్సిన షరతులు పెద్దవేమీ కావు. ఏ డబ్బా అయినా పీఎక్స్‌ఈ పద్ధతిలో నెట్‌వర్క్ నుంచి బూట్ కావాలి. ఒక్క కంపెనీ కార్డుకో సాఫ్ట్‌వేరుకో కట్టిపడేసే యంత్రాన్ని తీసుకోకూడదు. మెమరీ, డిస్కు స్క్రూడ్రైవరుతో విప్పి మార్చేలా ఉండాలి. ఫ్యాను లేనిదే కావాలి, 40 డిగ్రీల గదిలో పనిచేస్తుందని తయారీదారు రాతపూర్వకంగా చెప్పాలి. సర్వర్ రూట్ పాస్‌వర్డు మొదటి రోజే సీల్డు కవరులో ప్రధానోపాధ్యాయుడి బీరువాలోకి చేరాలి, గడువు ముగిసేదాకా ఏజెన్సీ దగ్గర ఉండిపోకూడదు. ఇద్దరు టీచర్లకు సర్వర్‌ను ఖాళీ డిస్కు నుంచి తిరిగి నిలబెట్టడం నేర్పి, వాళ్లచేత ఒకసారి చేయించి చూశాకే ఆఖరి వాయిదా చెల్లించాలి.